మూడు దారుల్లోనూ రాళ్లమింగి

ఆటకు కావలసినవి మూడు దారులు. తబిత దగ్గర ఉన్నది ఒకే రాక్షసుడు.

చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా ఉల్లిపాయలు కోస్తూ ఆమె ఆ సంగతే ఆలోచిస్తోంది. కొండ కింద మూడు సొరంగాలుంటాయి. ఎడమది, నడిమిది, కుడిది. ఆడేవాళ్లు నలుగురూ వచ్చి వాటి ముందు నిలబడతారు. కాసేపు వాదించుకుని ఒకదాన్ని ఎంచుకుంటారు. నిజానికి మూడింటికీ మూడు వేరు వేరు సంగతులు తయారుగా ఉండాలి. కానీ శనివారమంతా సండేస్కూలు పిల్లల పాటలకీ, కుళాయి దగ్గర నీళ్లకీ, భర్త శామ్ డ్యూటీ క్యారేజీకీ సరిపోయింది. అందుకని రాళ్లమింగినే మూడు చోట్లా కూర్చోబెట్టింది. వాళ్లు ఏ సొరంగంలోకి వెళితే వాడు ఆ సొరంగంలో ఉంటాడు. ఒక దారిన నడిచినవాళ్లకి రెండో దారిలో ఏముందో ఎలా తెలుస్తుంది?

రాళ్లమింగి ఆమె సొంత కల్పన. వాడికి ఆకలేస్తే కొండను కొరుక్కు తింటాడు. వాడు నడుస్తుంటే పట్టాల పక్కన వ్యాగన్ నుంచి కంకర దింపుతున్న చప్పుడొస్తుంది. కోపం వస్తే మింగిన రాళ్లను ఒక్కొక్కటే ఉమ్ముతాడు.

ఈ ఆటను ఇంట్లోకి తెచ్చింది కూతురు ప్రశాంతి. కలకత్తాలో డిప్లొమా చదివే రోజుల్లో హాస్టల్లో నేర్చుకుని, సెలవులకు వస్తూ రంగురంగుల డైసులు ఒక గుడ్డసంచిలో పోసి తెచ్చింది. వాటిలో ఒకదానికి ఇరవై ముఖాలు. ఆట అంటే పెద్ద ఏర్పాటేమీ లేదు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు తలా ఒక వేషం ఎంచుకుంటారు. ఎదురుగా ఏముందో కథ చెప్పేవాళ్లు చెబితే, తాము ఏం చేస్తారో వేషగాళ్లు చెబుతారు. చేసింది కుదిరిందో బెడిసిందో ఇరవై ముఖాల డైసు తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, చిన్నది పడితే దెబ్బ తిన్నట్టు, వేషానికి ఉన్న ప్రాణాల్లో కొన్ని పోయినట్టు.

మొదట కథ చెప్పింది ప్రశాంతే. రైల్వే పరీక్షకు చదవడం మొదలుపెట్టాక తల్లికి అప్పజెప్పింది. సండేస్కూల్లో అల్లరి పిల్లలందరినీ కథతో కూర్చోబెట్టే మనిషికి ఇదొక లెక్కా అంది. అప్పజెప్పిన రోజు ఒక మాట కూడా చెప్పింది.

"అమ్మా, ఇదొక్కటి గుర్తెట్టుకో. కథ నీది, అడుగులు మావి. ఎటెళ్లినా అదే ఎదురైతే ఇంక మమ్మల్ని అడగడమెందుకు?"

తబిత సరేనంది. కొన్నాళ్లు నిజంగానే పాటించింది. తర్వాత పనులు ఎక్కువై ఒకసారి తప్పింది. ఎవరూ పట్టుకోలేదు. ఇంకోసారి తప్పింది. ప్రశాంతి వేషం మిణుగురు అనే విలుకత్తె. మిణుగురు ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం తబితకు చేతులాడేవి కావు. డైసు గ్లాసుకు తగిలిందనో, బల్ల కదిలిందనో చెప్పి మళ్లీ వేయించేది.

కూర పొయ్యి మీద పెట్టి బియ్యం డబ్బా మూత తీసింది. డబ్బా వెనక తువ్వాలు చుట్టిన మూట ఆమె వేళ్లకు తగిలింది. శుక్రవారం నుంచీ బియ్యం తీసిన ప్రతిసారీ తగులుతూనే ఉంది.

ప్రశాంతికి అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగం, అంటే రైలింజనులో రెండో డ్రైవరుగా, వచ్చింది. పరీక్ష అయింది, మెడికల్ అయింది, ట్రైనింగుకు రమ్మని పిలుపు వచ్చింది. వెళ్లేట్టయితే బుధవారం రైలెక్కాలి. ఎక్కకపోతే ఆ ఉద్యోగం పోయినట్టే. వెళతాననీ వెళ్లననీ ఆ పిల్ల ఇంకా చెప్పలేదు.

తబిత అందరి ముందూ ఒకటే మాట చెప్పింది. "నీ ఇష్టం తల్లీ. నేను కాదనను." చర్చి ఆవరణలో ఆడవాళ్లు ఆ మాట విని మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు నుంచి ఆమెకు కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. తుడిచిన గట్టే మళ్లీ తుడుస్తోంది. వాకిట్లో బ్యాటరీ రిక్షా టోటో ఆగితే చాలు, ఎవరా అని కిటికీ దగ్గరికి వెళుతోంది.

కాదనలేదు గానీ, ఆమె ఊరికే కూడా కూర్చోలేదు. సోమవారం పాస్టరమ్మ ఇటుగా వెళుతూ వచ్చినట్టు వచ్చి టీ తాగి, బీఎడ్ చదివితే ఆడపిల్లకు ఎంత మర్యాదో చెప్పి వెళ్లింది. ఆమెను ఇటుగా వెళ్లమన్నది తబితే. గురువారం విశాఖపట్నం నుంచి శామ్ అక్క సూసన్న ఫోన్ చేసి, వచ్చే ఏడాది టికెట్ కౌంటర్ పరీక్ష రాయవచ్చనీ, అదైతే ఫ్యాను కింద ఉద్యోగమనీ మేనకోడలికి నచ్చజెప్పింది. ఆ ఫోన్ చేయించిందీ తబితే. నిన్న గోల్ బజార్లో కూరగాయల దుకాణం ముందు ఒక మిషన్ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ కలిసి, తమ దగ్గర ఒక టీచరు ఖాళీ ఉందని చెప్పింది. ఆ వేళకు ఆ దుకాణానికి కూతుర్ని తీసుకెళ్లింది కూడా తబితే. మూడు దారులు. మూడూ తిరిగి తిరిగి ఈ రైల్వే ట్రాఫిక్ క్వార్టరు వరండాలోకే వస్తాయి.

ఆమె భయం ఉత్తి భయం కాదు. శామ్ గూడ్సు డ్రైవరు. ప్రశాంతి ఆరో తరగతిలో ఉండగా, ఒక పొగమంచు పొద్దున అతని ఇంజను కింద ఒక మనిషి పడ్డాడు. హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. అంత బరువున్న బండి ఆగాల్సిన చోట ఆగదు. అతని తప్పేమీ లేదని అందరూ అన్నారు. ఇంటికి వచ్చి కుళాయి దగ్గర కూర్చుని బూట్లు కడిగాడు. బూట్లకు ఏమీ అంటలేదు. అయినా కడుగుతూనే ఉన్నాడు. ఆ ఏడు క్రిస్మస్ దాకా మాంసం ముట్టలేదు. పిల్లకు మాత్రం డాడీకి జ్వరం అని చెప్పింది తబిత. ఆ కుళాయి దగ్గర రేపు తన కూతురు కూర్చోవడం ఆమె ఊహించలేదు. ఊహించకూడదనుకుంది.

శుక్రవారం ప్రశాంతి, తండ్రి పాత టార్చి ఎక్కడుందని అడిగింది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మూడు రంగులూ వెలిగే డ్యూటీ టార్చి అది. కొత్తది వచ్చాక పాతది కూతురికిస్తానని శామ్ ఎప్పుడో మాటిచ్చాడు. టార్చి అడిగిందంటే మనసు ఎటు మొగ్గుతోందో తబితకు అర్థమైంది. పాత సామాన్లలో పోయిందేమో అనేసింది. అప్పటికే అది తువ్వాలు చుట్టుకుని బియ్యం డబ్బా వెనక ఉంది.

*

భోజనాలయ్యాక అమర్‌నాథ్, మీనాకుమారి వచ్చారు. అమర్‌నాథ్ సిగ్నల్ మెయింటైనరు. వెనక వరుస క్వార్టర్లోనే ఉంటారు. తన తాతా శామ్ తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే కాలంలో ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో పనికి వచ్చారని అమర్‌నాథ్ శామ్‌ని అన్నా అంటాడు. ఆ వరసనే ప్రశాంతికి వాళ్లు బాబాయ్, పిన్ని.

వరండాలో బల్ల వేశారు. మీనాకుమారి మరమరాల్లో ఉల్లి, మిరప వేసి గిన్నెడు ఝాల్‌మురీ కలిపి తెచ్చింది. ఆరడుగుల శామ్‌ది మరుగుజ్జు యోధుడి వేషం. అమర్‌నాథ్ మంత్రగాడు, తన మంత్రాలు తనే మర్చిపోతుంటాడు. మీనాకుమారి ముసలి వైద్యురాలు. పోయిన నెలలో తబిత ఎంతో కష్టపడి ఒక దొంగల గుంపును తయారుచేసుకుంటే, ఈ వైద్యురాలు కత్తులు దూసిన దొంగల్ని చూసి, "అన్నాలు తిన్నారేటి బాబూ?" అని అడిగింది. డైసు వేస్తే ఇరవై పడింది. దొంగలు ఏడ్చి, కాళ్లు కడుక్కుని, పంక్తిలో కూర్చున్నారు. తబిత యుద్ధమంతా పప్పుచారులో మునిగిపోయింది.

అందుకే ఈసారి ఎవరూ తప్పించుకోకుండా ఏర్పాటు చేసుకుంది. రాళ్లమింగి కొండ లోపల కూర్చున్నాడు. వాణ్ని దాటితే ఒక ఊరు. ఆ ఊరివాళ్లు మిణుగురును కావలిగా ఉండిపొమ్మని బతిమాలతారు, ఇల్లు కూడా ఇస్తారు. ఆ సంగతి తబిత తెల్లవారుజామున పడుకునే కల్పించింది. ఎందుకు కల్పించిందో తనను తాను అడగలేదు.

సొరంగాల గురించి చెప్పింది. నడిమి సొరంగంలోకి వాళ్లను ఊరించడానికి, అప్పటికప్పుడు తోచి, దాని నోట్లో ఒక ఎర్ర దీపం వేలాడదీసింది. సండేస్కూలు పిల్లలయితే ఆ దీపం వైపే పరిగెత్తేవాళ్లు.

శామ్ మురీ గుప్పిట్లోంచి గిన్నెలోకి వదిలేసి, "ఆగినాను," అన్నాడు.

ఎందుకని అడిగింది తబిత.

"ఎర్ర లైటు కదేటి."

అది సిగ్నలు కాదనీ, అక్కడ రైలు లేదనీ, పట్టాలు లేవనీ, ఏదో రాజుల కాలమనీ తబిత చెప్పి చూసింది. శామ్ తల అడ్డంగా ఊపాడు. ఎర్ర లైటంటే ఎర్ర లైటే. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియకుండా దాటడానికి తన మరుగుజ్జుకు కాళ్లు రావన్నాడు. అమర్‌నాథ్ ముందుకు వంగాడు. ఆ దీపం స్తంభానికుందా, గోడకుందా అని అడిగాడు. స్తంభానికే అనుకోండి అంది తబిత.

"స్తంభానికైతే దానికింద ఇంగిలీసు 'ఏ' అచ్చరం పలకుందేటి వదినా? తెల్లటి గుండ్రం పలక?"

మీనాకుమారి పడీ పడీ నవ్వింది. ఇరవై ఏళ్లుగా ఈ మనిషి అన్నం కంచంలో కూడా సిగ్నళ్లే చూస్తున్నాడని చెప్పింది. కానీ ఆవిడ వైద్యురాలు కూడా కదల్లేదు. లోపల ఎవరో లైన్ మీద పని చేస్తుండవచ్చు, మనం వెళితే వాళ్ల ప్రాణం మీదికి వస్తుందంది. ముగ్గురూ సొరంగం ముందు చతికిలబడ్డారు. తబిత ఇంతవరకూ కల్పించిన ఏ రాక్షసుడూ వీళ్లను ఇంత గట్టిగా ఆపలేదు.

ఆమెకు చిరాకు వచ్చింది. అయితే ఎడమ సొరంగంలో వెళ్లండి అంది. ఎడమ సొరంగంలోకి వెళ్లారు. కాస్త దూరం నడిపించి, ఆ చిరాకులో రాళ్లమింగిని ఎదురు తేవడమే మరిచి, ఆ సొరంగం వంపు తిరిగి మళ్లీ ఎర్ర దీపం దగ్గరికే వచ్చిందని చెప్పేసింది. చెప్పాక నాలిక కరుచుకుంది.

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న ప్రశాంతి తలెత్తింది. కుడి సొరంగం సంగతేమిటని అడిగింది. అది వేరని తబిత అంది. అయితే మిణుగురు వెనక్కి వెళ్లి కుడి సొరంగంలోకి దిగుతుందని చెప్పింది ప్రశాంతి.

తబితకు ఏదో ఒకటి కల్పించడం ఎంతసేపు? నీళ్లు అనవచ్చు, గబ్బిలాలు అనవచ్చు. కానీ కూతురి చూపు తన మొహం మీద ఉంటే ఏమీ రాలేదు. "అక్కడా... దూరంగా ఎర్రగా ఏదో కనిపిస్తోంది," అంది.

ప్రశాంతి చేతిలోని డైసును బల్ల మీద మెల్లిగా పెట్టింది. స్టేషను వైపు నుంచి ఏదో బండి ఆలస్యమని మూడు భాషల్లో చెబుతున్నారు. టీ పెడతానని తబిత లేచింది.

*

ప్రశాంతి వెనకే వంటింట్లోకి వచ్చింది. వచ్చి, అల్లం దంచే రోలు తన ముందుకు లాక్కుని, అల్లం దంచింది. గొంతు పెంచలేదు. వరండాలోకి వినపడకుండా మాట్లాడింది.

"సోమవారం పాస్టరమ్మ. గురువారం సూసన్నత్త. నిన్న హెడ్‌మిస్ట్రెస్. రేపెవరమ్మా?"

తబిత పాలు పొయ్యి మీద పెట్టింది. రేపు సాయంత్రం మళ్లీ పాస్టరమ్మ రావాల్సి ఉంది. ఆ మాట చెప్పలేదు. వాళ్లంతా నీ మంచి కోరేవాళ్లే కదా అంది. తను ఒక్కసారైనా వద్దన్నదా అని అడిగింది.

అనలేదని ప్రశాంతి ఒప్పుకుంది. అదే కష్టంగా ఉందని చెప్పింది. వద్దంటే దెబ్బలాడేదట. ఏడ్చేదట, అలిగేదట. ఇష్టం నీదే అని చెప్పి, ఎటు తిరిగితే అటు ఒక మనిషిని నిలబెడితే ఎవరితో దెబ్బలాడాలి?

పాలు పొంగబోయాయి. తబిత మంట తగ్గించింది. ఇన్నేళ్లుగా నోట్లో నొక్కిపెట్టుకున్నది ఇక ఆగలేదు. "నీకు తెల్దు. నువ్వు ఆరో క్లాసులో ఉన్నప్పుడు మీ డాడీకొచ్చింది జ్వరం కాదు."

"తెలుసమ్మా."

తబిత గరిట తీసి గట్టు మీద పెట్టింది.

పరీక్షకు అప్లై చేసే ముందే డాడీని అడిగానని ప్రశాంతి చెప్పింది. డాడీ అంతా చెప్పాడట. పొగమంచు, ఆ మనిషి నీలం స్వెటరు, హారన్ మీంచి చెయ్యి తీయలేకపోవడం, ఇంటికొచ్చి బూట్లు కడగడం. చెప్పి, ఇదంతా విన్నాక కూడా రాస్తావా అని అడిగాడట. ఆలోచించుకోవడానికి నెల తీసుకుని, రాశానని చెప్పింది. శామ్ ఈ సంగతి ఇంట్లో ఒక్క ముక్క అనలేదు. తబిత పాలల్లో టీ పొడి వేసింది.

"భయం నాకూ ఉందమ్మా. బుధవారం దాకా ఆలోచించి నేనే ఒద్దనుకుంటానేమో. కానీ ఒద్దన్నది నేనని నాకు తెలియాలి కదా."

అంతే చెప్పి, అల్లం టీలో వేసి, గ్లాసులు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది.

తబిత ఒక్కతే నిలబడింది. టీ మరుగుతోంది. వరండాలో శామ్, అమర్‌నాథ్ ఏదో వాదించుకుంటున్నారు. ఆమె చెయ్యి బియ్యం డబ్బా మూత మీద పడింది, తీసేసుకుంది, మళ్లీ పడింది. ఇప్పుడు తీసి ఇచ్చేస్తే అబద్ధం చెప్పినట్టు తెలిసిపోతుంది. ఇవ్వకపోయినా తెలిసిపోతుంది. బుధవారం ఆ పిల్ల ఉత్తి చేతులతో వెళ్లిపోతుంది, లేకపోతే తన అడ్డంకుల మధ్య ఉండిపోతుంది. రెండో దాన్ని కోరుకుంటున్నాననే ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఆ పిల్ల ముప్పై ఏళ్ల తర్వాత ఏదో స్కూలు వరండాలో నిలబడి, ఇక్కడికి తనంతట తను వచ్చిందా, ఎవరైనా తెచ్చారా అని ఆలోచిస్తూ ఉండడం ఒక్క క్షణం కనిపించింది. ఇంజనులో కూర్చున్న కూతురు ఎంత భయపెట్టిందో స్కూలు వరండాలో నిలబడిన ఆ కూతురూ అంతే భయపెట్టింది.

టీ వడగట్టింది. వడగట్టాక డబ్బా వెనక చెయ్యి పెట్టింది.

*

టీ గ్లాసుల పళ్లెంతో పాటు టార్చి కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది. తువ్వాలు తీసేసింది. శామ్ టార్చి వైపు చూశాడు, తబిత వైపు చూశాడు, టీ గ్లాసు అందుకున్నాడు. ప్రశాంతి మాత్రం టార్చినే చూస్తూ ఉండిపోయింది. పోయిందన్నావు కదా అని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తబిత వంటింటి నుంచి వరండాకు వచ్చేలోపు తేల్చుకోలేకపోయింది.

ఇందాక చెప్పిందంతా కొట్టేయమని నలుగురికీ చెప్పింది. మళ్లీ మొదటికి వచ్చి సొరంగాల ముందు నిలబెట్టింది. "ఎడమ దాన్లో రాళ్లమింగి ఉన్నాడు. ఎడమ దాన్లోనే ఉన్నాడు, ఇంక ఎక్కడా నేడు. కుడి దాన్లో నీళ్లు, పీకల్లోతు. నడిమి దాన్లో ఈ దీపముంది. లోపలేటుందో నేనింకా అనుకోనేదు."

"అన్నీ ముందే సెప్పీసినాక ఆటేటుంటాదక్కా?" అంది మీనాకుమారి.

తబిత టార్చి మీట తిప్పింది. ఛార్జింగు తక్కువై ఎర్ర వెలుగు మసగ్గా వచ్చింది. బల్ల మీద మురీ గింజల నీడలు పడ్డాయి.

తను లోపలున్నప్పుడు దేని గురించి వాదించుకుంటున్నారని మగవాళ్లిద్దరినీ అడిగింది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. అమర్‌నాథ్ మాటకు దారిచ్చి శామ్ తగ్గాడు. సిగ్నళ్లలో రెండు రకాలట. ఒక రకానికి స్టేషనులో మనిషి కాపలా. అది ఎర్రగా ఉంటే తెల్లారేదాకా అయినా ఆగాల్సిందే, లోపలి నుంచి అనుమతి వచ్చేదాకా చక్రం కదలకూడదు. ఇంకో రకం దానంతటది వెలిగేది, ఆరేది. దానికింద తెల్ల పలక మీద 'ఏ' ఉంటుంది. అది ఎర్రగా ఉంటే బండి ఆపాలి. పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు. తర్వాత విజిల్ వేసి, మెల్లగా, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలిగేంత మెల్లగా, పోవచ్చు.

తబిత పాతికేళ్లుగా డ్రైవరు పెళ్లాం. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఎర్ర లైటంటే ఆగిపోవడమే అనుకుంది. ఆ ఆగడం మీదే ధీమా పెట్టుకుని రాత్రులు నిద్రపోయింది.

"ఎర్రగా ఉన్నా పోతావా?" అని శామ్‌ని అడిగింది.

"సూసుకుని పోతాను. ఎదర బండి ఉంటాది, మనిసుంటాడు, పట్టా ఇరిగుంటాది. ఉంటాదనుకునే పోతాను."

అమర్‌నాథ్ గ్లాసు దించి మళ్లీ అదే అడిగాడు. "ఇంతకీ పలకుందా నేదా వదినా? నువ్వు సెప్పాలి. స్తంభం నీది."

నలుగురూ ఆమె నోటి వైపు చూస్తున్నారు. లేదంటే అంతా ఇక్కడే కూర్చుంటారు. మురీ అయిపోతుంది, పొద్దుగూకుతుంది, ఎవరిళ్లకు వాళ్లు వెళతారు. ఆ సుఖం ఎంత దగ్గరగా ఉందో తబితకు తెలిసింది.

"ఉంది," అంది.

శామ్ గోడ గడియారం వైపు తిరిగి కూర్చున్నాడు. పగలే కాబట్టి ఒక నిమిషం అన్నాడు. నిజంగానే ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మీనాకుమారి మురీ నమలడం కూడా ఆపింది. ఫ్యాను టకటకలాడింది. పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ ఎవరినో దాదా అని పిలిచి పాలు ఇంకా రాలేదని చెబుతోంది. తబితకు ఆ నిమిషంలో కాలు ఒకచోట నిలవలేదు. బల్ల కింద మడమ తానంతట తాను ఆడుతూనే ఉంది.

నిమిషం కాగానే శామ్ బుగ్గలు పూరించి గూడ్సు ఇంజను హారన్ కొట్టాడు. రోడ్డు మీద వెళుతున్న టోటోవాడు ఉలిక్కిపడి ఇటు చూశాడు.

మిణుగురు ముందు నడుస్తుందని ప్రశాంతి చెప్పింది. గోడ తడుముకుంటూ, మెల్లగా. డైసు తీసుకుని గుప్పిట్లో గలగలలాడించి వదిలింది. అది బల్ల మీద దొర్లి, టార్చికి తగిలి, ఆగింది. మూడు.

బల్ల చుట్టూ అందరూ తబిత వైపు చూశారు. టార్చికి తగలడం ఎవరి కళ్లకైనా కనిపించింది. మళ్లీ వేయించడానికి ఇంతకంటే న్యాయమైన కారణం ఎప్పుడూ దొరకలేదు. మీనాకుమారి అప్పుడే డైసు తీసి ప్రశాంతి చేతికివ్వబోతోంది.

"ఉంచు మీనా," అంది తబిత. "పడింది పడిందే."

పైనుంచి రాయి జారిందని చెప్పింది. మిణుగురు మోకాలి మీద పడిందనీ, ఎముక చిట్లిందనీ, విల్లు రెండు ముక్కలైందనీ చెప్పింది. మిణుగురుకు మిగిలిన ప్రాణాలు రెండు.

ప్రశాంతి మొహంలో బాధ లేదు. ఆ మొహాన్ని తబిత చాలా రోజులుగా చూడలేదు. పక్కకు వంగి తండ్రి భుజానికి తల ఆనించి, విరిగిన వింటిని కర్రలా పట్టుకుని లేస్తానంది. పిన్నిని కట్టు కట్టమంది. ఆ తర్వాత తల్లిని అడిగింది.

"ముందుకెళ్లే దారుందా అమ్మా?"

"ఉంది. ఎనక్కెళ్లే దారి కూడా ఉంది."

ప్రశాంతి డైసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ముందుకే," అంది.

*

వాళ్లు వెళ్లేసరికి దోమలు మొదలయ్యాయి. మిణుగురు బతికే ఉంది, కుంటుతోంది. కొండకు అవతల ఊరేమీ లేదని, ఒక నది మాత్రం ఉందని తబిత చివర్లో మార్చేసింది. ఇల్లిస్తామనే మనుషుల్ని కథలోంచి తీసేసింది. రాళ్లమింగి ఎవరికీ ఎదురుపడకుండా ఎడమ సొరంగంలోనే కూర్చుండిపోయాడు. వాణ్ని చూడలేకపోయినందుకు అమర్‌నాథ్ బాధపడ్డాడు. వచ్చే వారం తనొక్కడే వెనక్కెళ్లి చూసి వస్తానన్నాడు.

గ్లాసులు తీస్తూ తబిత బల్ల వైపు చూసింది. డైసులున్నాయి. టార్చి లేదు.

పాస్టరమ్మకు ఫోన్ చేసింది. రేపు రావద్దని చెప్పలేక, వస్తే టీ తాగి వెళ్లమనీ ఉద్యోగం మాట మాత్రం ఎత్తవద్దనీ చెప్పింది. ఎందుకని పాస్టరమ్మ అడిగింది. అటు నుంచి అడిగిన ప్రతి ప్రశ్నకీ తబిత, పిల్ల ఆలోచించుకుంటోంది అన్న ఒక్క జవాబే చెప్పింది. ఆ తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌కు కూడా ఫోన్ చేసి, టీచరు ఖాళీని ఎవరికోసమూ ఆపవద్దంది.

రాత్రి వంటకు బియ్యం కొలుస్తుంటే డబ్బా వెనక వేళ్లకు గోడ తగిలింది. గదిలో మంచం కింద నుంచి ట్రంకు లాగుతున్న చప్పుడు వినిపించింది. శామ్ వరండాలో లుంగీ ఎగ్గట్టుకుని కూర్చుని, కోడిగుడ్లు కొనుక్కు రానా అని అడిగాడు. ఈ మనిషితో మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి. అతను చెప్పనివి, తను అడగనివి. ఇప్పుడు మాత్రం ఆరు చాలంది.

"అమ్మా," గదిలోంచి ప్రశాంతి పిలిచింది. "దీని ఛార్జరు కూడా ఉండాలి కదా?"

తబిత బియ్యం గిన్నెలోకి నీళ్లు వంచింది. ఒకసారి కడిగింది. నీళ్లు పారబోసింది. ఇంకోసారి కడిగింది.

"కందిపప్పు డబ్బా ఎనకాల సూడు," అంది.